ముత్తాత పేరు జనాభా లెక్కల్లో దొరుకుతుందా?

పోయిన నెల ఇదే పేజీలో పాత పట్టా కాగితాలకు చెద పట్టకుండా ఎలా దాచుకోవాలో రాశాను. దానికి వచ్చిన ఉత్తరాల్లో చెదల గురించి అడిగినవాళ్ళు ఇద్దరే, మిగతావాళ్ళంతా తాతల గురించే అడిగారు. అందుకే ఈ నెల పేజీ మొత్తం తాతలకే ఇచ్చేస్తున్నాను. ఒకేలాంటి ప్రశ్నలు కలిపేశాను, ఊళ్ళ పేర్లు జిల్లా వరకే ఉంచాను.

ప్రశ్న: మా అబ్బాయి ఒమాహాలో ఉద్యోగం చేస్తున్నాడు. కోడలు అక్కడి అమ్మాయే, వాళ్ళది నెబ్రాస్కాలో తరాలుగా వ్యవసాయ కుటుంబం. మనవడికి స్కూల్లో వంశవృక్షం గీయమన్నారు. కోడలి వైపు 1880లో వాళ్ళ పెద్దాయనకి ఎన్ని పాలావులున్నాయో, ఆ ఏడు ఇంట్లో ఎంత వెన్న తీశారో కూడా తేలిపోయింది, అమెరికా జనాభా లెక్కల్లో ఉందట! మా వైపు మాత్రం మా మామగారి తండ్రి పేరు దగ్గరే ఆగిపోయాం. ఆయనది గుడివాడ దగ్గర పల్లెటూరు, మాగాణి ఉండేదంటారు. మన పాత జనాభా లెక్కలు ఎక్కడ దొరుకుతాయి? మనవడు వీడియో కాల్ చేసినప్పుడల్లా అడుగుతున్నాడు, నాకు టెన్షన్‌గా ఉంది.
(విజయవాడ నుంచి ఒక నాయనమ్మ)

జవాబు: అమ్మా, అసలు మాట ముందే చెప్పేస్తాను, దొరకవు. ఎక్కడో దాచి మనకి ఇవ్వకపోవడం కాదు, పేర్లతో రాసిన ఆ పాత ఫారాలు ఇప్పుడు లేనే లేవు. మద్రాసు ప్రెసిడెన్సీలో 1871లో ఒకసారి లెక్క తీశారు. దేశమంతటా ఒకే రోజు లెక్క పెట్టే పద్ధతి 1881 ఫిబ్రవరి 17తో మొదలైంది. ఇంటింటికీ తిరిగి పేరు, వయసు, కులం, వృత్తి అడిగి రాసుకున్న మాట నిజమే, కానీ సర్కారుకి కావలసింది మొత్తాలు. ఊరికెంతమంది, తాలూకాకెంతమంది అని పట్టికలు అచ్చువేయించుకున్నాక ఫారాలతో వాళ్ళకి పనిలేదు, దాచలేదు. స్వాతంత్ర్యం వచ్చాక 1948లో చేసిన జనగణన చట్టం ప్రకారమైతే ఒక మనిషి వివరాలు ఇంకెవరికీ చూపించకూడదు, సాధారణంగా కోర్టులో సాక్ష్యంగానూ చెల్లవు. అమెరికాలో లాగా ఇన్నేళ్ళయ్యాక తెరుస్తాం అన్న గడువు కూడా మన చట్టంలో లేదు.

అక్కడ 72 ఏళ్ళ గడువు ఉంది. అందుకే 1950 లెక్కల ఫారాలు 2022 ఏప్రిల్ 1న బయటికి వచ్చాయి, 1960వి 2032లో వస్తాయి. మీ కోడలు చూసింది మాత్రం మామూలు జనాభా ఫారం కాదు, దాంతోపాటు రాసిన వ్యవసాయ ఫారం. 1850, 1860, 1870, 1880లలో రైతు పేరు మీద విడిగా ఒక వరస రాశారు, ఎన్నెకరాలు సాగులో ఉంది, ఎంత బీడు, గుర్రాలెన్ని, కంచరగాడిదలెన్ని, పాలావులెన్ని, మొక్కజొన్న ఎన్ని బుషెళ్ళు, వెన్న ఎన్ని పౌన్లు, చివరికి తేనె, మైనం దాకా. 1880 నాటికి ఆ గళ్ళు వందకి చేరాయి. కోడిగుడ్లు ఎన్ని డజన్లు, కూలీలకి ఎంత ఇచ్చారు, భూమి సొంతమా, డబ్బు కౌలా, పంటలో పాలుకా అని కూడా అడిగారు. మనవడికి ఒక్క జాగ్రత్త చెప్పండి. 1880 ఫారంలో పశువుల లెక్క ఆ ఏడాది జూన్ 1 నాటిది, పంట, వెన్న లెక్క మాత్రం అంతకు ముందటి ఏడాది 1879ది. చార్టులో రెండూ ఒకే ఏడు కింద వేస్తే తప్పవుతుంది.

కోడలి వైపు ఇంకా దొరుకుతాయి, పనిలోపని అవీ చెబుతాను. 1890 ఫారాలు వెతికి అలిసిపోవద్దనండి, 1921లో వాషింగ్టన్‌లో జరిగిన అగ్నిప్రమాదం దెబ్బకి దాదాపు ఏమీ మిగల్లేదు. 1900, 1910 వ్యవసాయ ఫారాలనైతే సర్కారే నాశనం చేయించింది. (మనవాళ్ళొక్కళ్ళే కాదన్నమాట.) కానీ నెబ్రాస్కా వాళ్ళ అదృష్టం, అక్కడ మధ్యలో 1885లో ఇంకో లెక్క జరిగింది, దానికీ వ్యవసాయ ఫారాలున్నాయి. 1862 హోంస్టెడ్ చట్టం కింద 160 ఎకరాల సర్కారు భూమి తీసుకున్న కుటుంబమైతే ఆ దరఖాస్తు ఫైలు నేషనల్ ఆర్కైవ్స్ నుంచి తెప్పించుకోవచ్చు. అయిదేళ్ళు అక్కడే కాపురముండి సాగు చేశామని ఇద్దరు సాక్షులు చెప్పిన వాంగ్మూలం, ఇల్లు ఎంత పెద్దది, ఎన్నెకరాలు దున్నారు, అన్నీ అందులో ఉంటాయి. ఆ చట్టం కింద మొట్టమొదటి దరఖాస్తుల్లో ఒకటి 1863 జనవరి 1న నెబ్రాస్కాలోని బియాట్రిస్ దగ్గర భూమికే పడింది, ఇప్పుడు అక్కడ జాతీయ పార్కు ఉంది. కారులో తీసుకెళ్తే పిల్లాడికి బాగుంటుంది.

ఇక మన వైపు. మన సర్కారు మనిషిని లెక్కపెట్టి మర్చిపోయింది గానీ శిస్తు కట్టేవాణ్ణి మాత్రం మర్చిపోలేదు. మీ మామగారి తండ్రి పేరు జనాభా లెక్కల బీరువాలో కాదు, రెవెన్యూ బీరువాలో ఉంటుంది. కోస్తాలో రైతే నేరుగా సర్కారుకి శిస్తు కట్టిన రైత్వారీ గ్రామాల్లో వెతకాల్సింది, శిస్తు మళ్ళీ నిర్ణయించినప్పుడు రాసిన రీసెటిల్‌మెంట్ రిజిస్టర్, అందరూ ఆర్‌ఎస్‌ఆర్ అంటారు. ఇంగ్లీషు, తెలుగు రెండూ ఉన్న ప్రతిని డైగ్లాట్ అంటారు. అందులో ఒక్కో సర్వే నంబరుకి ఒక్కో వరస ఉంటుంది. సర్కారు భూమా ఇనామా (మాన్యమా), మెట్టా మాగాణా, నీరు ఏ కాలువ కింద, నేల ఏ తరం (ఏ రకం), ఎకరానికి శిస్తెంత, పట్టా నంబరెంత, పట్టాదారు ఎవరు, ఇవన్నీ రాసి ఉంటాయి. ఆవులెన్నో ఉండదు. కానీ పిల్లాడికి చెప్పడానికి కథ బోలెడుంది. బెజవాడ దగ్గర కృష్ణకి మొదటి ఆనకట్ట 1855లో పూర్తయింది, మీ పొలం పక్కన గడిలో కాలువ పేరు ఉందంటే ఆ నీళ్ళే. (ఆవుల లెక్క కూడా మన దగ్గర ఉంది, పశుగణన 1919-20 నుంచి జరుగుతోంది. ఊళ్ళో ఎన్ని గేదెలో చెబుతుంది, మీ గేదె ఏదో చెప్పదు.)

అక్కడికి చేరడం ఎలాగంటే, పాత కాలం నుంచి ఇటు కాకుండా ఇప్పటి నుంచి వెనక్కి నడవాలి. ఆ పొలం ఇప్పుడు ఎవరి పేరున ఉన్నా సరే, దాని సర్వే నంబరు కనుక్కోండి. ఈ మధ్య రీసర్వే అయిన ఊరైతే కొత్తగా ఎల్‌పీఎం నంబరు ఇచ్చి ఉంటారు, అది కాదు, పాత సర్వే నంబరు అడగండి. 45-2బి అని ఉంటే అన్నదమ్ముల పంపకాల్లో ముక్కలైందని అర్థం, మీక్కావలసింది మొదటి 45. దాన్ని పట్టుకుని మీసేవలో గానీ తహసీల్దార్ ఆఫీసులో గానీ ఆర్‌ఎస్‌ఆర్ నకలుకి అర్జీ పెట్టండి, కదలకపోతే సమాచార హక్కు కింద అడగండి. ఓపిక కావాలి. మా ముత్తాత పేరు కోసం నేను ఒక ఆఫీసు చుట్టూ ఏడాదిన్నర తిరిగాను. ముందు చెదలు తినేశాయన్నారు, తర్వాత బైండింగ్‌కి పోయిందన్నారు, చివరికి మేం ఎప్పుడూ కూర్చునే గదిలోనే పై అరలో ఎన్నికల సామాను కింద ఉంది. తీసి చూస్తే మా ఇంటిపేరు తెలుగులో ఒకలా, పక్కన ఇంగ్లీషులో ఇంకోలా. అందుకని ఇంటిపేరు ఒకే రకంగా కనిపించాలని పట్టుపట్టకండి.

ఆర్‌ఎస్‌ఆర్‌లో చాలాచోట్ల తండ్రి పేరుండదు. అప్పుడు సబ్ రిజిస్ట్రార్ ఆఫీసే దిక్కు. అమ్మకం, తనఖా, భాగపరిష్కారం, ఏ దస్తావేజైనా 'ఫలానావారి కుమారుడు ఫలానా' అని మొదలవుతుంది, హద్దుల్లో తూర్పు ఎవరి పొలం, పడమర ఎవరి పొలం అని చుట్టుపక్కలవాళ్ళందరి పేర్లూ వస్తాయి. కంప్యూటర్లో ఈసీ (ఆ భూమి మీద రిజిస్టరైన లావాదేవీల జాబితా) సాధారణంగా 1983 నుంచే వస్తుంది, అంతకు ముందువి చేతిరాత ఇండెక్సుల్లో వెతికించుకోవాలి. ఒక్క భాగపరిష్కార దస్తావేజు దొరికితే మూడు తరాలు ఒకే కాగితంలో కూర్చుని కనిపిస్తాయి, మీ మనవడి చార్టు నిండిపోతుంది.

ప్రశ్న: సార్, మాది నల్లగొండ జిల్లా. ఇంట్లో 1954-55 ఖాస్రా పహాణీ (ఏ భూమి ఎవరిది, ఎవరు దున్నుతున్నారు అని రాసిన లెక్క) నకలు దొరికింది. మా తాత పేరు కాస్తుదారు గడిలో ఉంది, పట్టాదారు గడిలో వేరే దొర పేరుంది. అంటే మా తాతకి భూమి లేనట్టా ఉన్నట్టా? అంతకు ముందువి ఎక్కడ చూడాలి?

జవాబు: మీ తాత ఆ ఏడు ఆ భూమి దున్నుతున్నాడని సర్కారు ఒప్పుకున్నట్టు. పట్టా దొరది, సాగు మీ తాతది. తెలంగాణలో తాతల్ని వెతికేవాళ్ళకి ఖాస్రా పహాణీని మించిన కాగితం లేదని నా అభిప్రాయం, ఎందుకంటే కోస్తా ఆర్‌ఎస్‌ఆర్ పట్టా ఉన్నవాణ్ణే చూస్తుంది, ఇది నాగలి పట్టినవాణ్ణి కూడా చూసింది. మీరు దీన్ని పట్టుకుని తర్వాత చూడాల్సింది రక్షిత కౌలుదారుల రిజిస్టర్. 1950లో వచ్చిన హైదరాబాద్ కౌలుదారీ చట్టం కింద దాన్ని తయారుచేశారు, అందులో మీ తాత పేరుంటే తర్వాత కౌలుదారుకే భూమి హక్కు ఇచ్చే 38-ఇ సర్టిఫికెట్ ఏమైనా వచ్చిందేమో వెతకండి. ఖాస్రా తర్వాత మూడేళ్ళది చెస్లా పహాణీ, 1955 నుంచి 58 దాకా. రెంటినీ పక్కపక్కన పెట్టి చూస్తే కాస్తుదారు గడిలో పేరు నిలిచిందో మాయమైందో తెలుస్తుంది. అలా చాలా పేర్లు మాయమయ్యాయి, ఆ కథలు మీ ఊళ్ళో పెద్దలకి ఎటూ తెలిసే ఉంటాయి.

వెనక్కి పోతే సేత్వార్, అంటే మొదటి సర్వే నాటి భూమి రిజిస్టర్. అది ఉర్దూలో ఉంటుంది, చదివిపెట్టేవాళ్ళు కావాలి. ఇదివరకు ప్రతి ఊళ్ళో పాత పట్వారీ ఒకాయన ఉండేవాడు, ఇప్పుడు మీ దగ్గర్లో ఉర్దూ మీడియంలో చదువుకున్న రిటైర్డ్ సార్ ఎవరైనా ఉంటే బతిమాలండి. జాగీరు గ్రామమైతే 1949లో జాగీర్ల రద్దు జరిగే దాకా లెక్కలు జాగీర్దారు దగ్గరుండేవి, అవి దొరకడం కష్టం. సంవత్సరాల దగ్గర కంగారు పడకండి, ఫసలీకి (రెవెన్యూ లెక్కల సంవత్సరానికి) 590 కలపండి, 1364 ఫసలీ అంటే 1954-55 అని వచ్చేస్తుంది. విస్తీర్ణం దగ్గరా జాగ్రత్త, మీ దగ్గర గుంటలు, ఎకరానికి నలభై, మా దగ్గర సెంట్లు, ఎకరానికి నూరు. ఆంధ్రా చుట్టాలతో కలిసి లెక్క వేసేటప్పుడు గొడవలు ఇక్కడే మొదలవుతాయి.

ఇంకో మాట, తాతని వెతకడం వేరు, భూమి అడగడం వేరు. రెండోదైతే ఈ పేజీ వదిలేసి మంచి వకీలు దగ్గరికి వెళ్ళండి.

ప్రశ్న: మా అబ్బ చెప్పేవాడు, మా పెద్దలు ధాత కరువులో ఊరొదిలి వచ్చారని. మేముండేది కర్నూలు జిల్లా. ఏ ఊరినుంచి వచ్చారో ఎవరికీ తెలియదు. జనాభా లెక్కలు ఏమీ పనికిరావా?

జవాబు: మీకు మాత్రం పనికొస్తాయి, పేరు కోసం కాదు గానీ అబ్బ మాట నిజమా కాదా తేల్చుకోవడానికి. ధాత సంవత్సరం అరవయ్యేళ్ళకోసారి వస్తుంది, 1876-77 ఒకటి, 1936-37 ఇంకొకటి. కరువంటే మొదటిదే. 1871 లెక్కకీ 1881 లెక్కకీ మధ్య కర్నూలు జిల్లా జనాభా దాదాపు నాలుగో వంతు పడిపోయింది. ఆ పట్టికలు ఎవరైనా చూడవచ్చు, పాత సెన్సస్ రిపోర్టులు చాలావరకు స్కాన్ చేసి నెట్‌లో పెట్టారు, తాలూకా వారీగా చూసుకుంటే ఎక్కడ ఎక్కువ ఖాళీ అయిందో అర్థమవుతుంది. మీవాళ్ళు అలాంటి చోటి నుంచి వచ్చి ఉండొచ్చన్న అంచనా వరకే, అంతకు మించి ఆ పుస్తకం చెప్పదు.

ఊరు పట్టుకోవాలంటే వేరే దారులు. మీ ఇలవేల్పు ఏ ఊళ్ళో ఉంది, పెళ్ళికి ముందు ఎక్కడికి వెళ్ళి టెంకాయ కొట్టి వస్తారు, ఇంటిపేరులో ఊరి పేరుందా, అవి చూడండి. జేజిని అడగండి, మగవాళ్ళకి పొలం హద్దులు గుర్తుంటే ఆడవాళ్ళకి పుట్టిళ్ళు గుర్తుంటాయి. ఊరి పేరు ఒక్కటి దొరికి, అక్కడ మీ పెద్దలకి ఏదైనా మాన్యం ఉండేదని తెలిస్తే ఇనాం ఫెయిర్ రిజిస్టర్ చూడాల్సిందే. 1860 ప్రాంతాల్లో ఇనాం కమిషన్ వాళ్ళు ఎవరికి ఎవరిచ్చారు, ఎందుకిచ్చారు, ఇప్పుడు ఎవరనుభవిస్తున్నారు, మొదట పుచ్చుకున్నవాడికి ఇతను ఏమవుతాడు అని అడిగి రాసుకున్నారు. కరువుకి ముందు రాసింది కాబట్టి మీకు అదే ఆఖరి సాక్ష్యం. కాశీ, గయ వెళ్ళినవాళ్ళు మీ ఇంట్లో ఎవరైనా ఉంటే అక్కడి పండాల పుస్తకాల్లో ఊరి పేరుతో సహా సంతకం ఉండే అవకాశం ఉంది, అదీ ఒక ప్రయత్నం.

ప్రశ్న: మీరెప్పుడూ పట్టా, పొలం, సర్వే నంబరు అంటారు. మా తాతముత్తాతలకి సెంటు భూమి లేదు. తూర్పుగోదావరిలో పెద్ద కామందుల దగ్గర పాలేర్లు. వాళ్ళూ వ్యవసాయమే చేశారు కదా? వాళ్ళ పేర్లు ఎక్కడుంటాయి?

జవాబు: ఈ ఉత్తరం చదివాక పోయిన నెల నేను రాసింది మళ్ళీ చూసుకున్నాను. మీరన్నది నిజం, రాసిందంతా భూమి ఉన్నవాళ్ళ కోసమే. శిస్తు కట్టేవాడి పేరే సర్కారు రాసుకుందని పైన చెప్పాను, అంటే కట్టనివాడి పేరు రాసుకోలేదని. ఇది మన దగ్గరే కాదు. పైన అమెరికా లెక్కల గురించి అంత గొప్పగా చెప్పానా, అక్కడ 1850, 1860 ఫారాల్లో బానిసలుగా ఉన్న నల్లవాళ్ళకి విడి ఫారం ఉంది, అందులో యజమాని పేరు కింద వాళ్ళ వయసు, ఆడా మగా ఉంటుంది, పేరుండదు. పత్తి పండించింది వాళ్ళు, వ్యవసాయ ఫారంలో పత్తి బేళ్ళ ఎదురుగా ఉన్న పేరు మాత్రం యజమానిది. వాళ్ళందరి పేర్లూ మొదటిసారి కనిపించేది 1870లో. అందుకే అక్కడి నల్లజాతి కుటుంబాలు తమ మూలాలు వెతికేటప్పుడు యజమాని కుటుంబం కాగితాలు వెతుకుతాయి.

మీరూ అదే దారి పట్టాలి. కామందు ఇంటి పద్దు పుస్తకాల్లో పాలేరు పేరు, ఏడాదికి ఇచ్చే ధాన్యం, ముందుగా తీసుకున్న అప్పు, పండక్కి ఇచ్చిన పంచెల చాపు రాసేవాళ్ళు. అప్పు నోట్లలో అయితే తండ్రి పేరు, ఊరు, వేలిముద్ర కూడా ఉంటాయి. మా తాత మీ దగ్గర పనిచేశాడు, పాత పుస్తకాలుంటే చూపిస్తారా అని అడగడం ఎంత ఇబ్బందో నాకు తెలుసు. కొందరు చూపిస్తారు, కొందరు గేటు దగ్గరే పంపేస్తారు. ఊళ్ళో అందరితో బాగుండే మాస్టారునో పోస్టుమాన్‌నో వెంట తీసుకెళ్తే పని తేలిక.

సర్కారు కాగితాల్లోనూ అసలేమీ లేకపోలేదు. తలారి, వెట్టి, నీరగంటి పనులు చేసినవాళ్ళకి ఊరి సేవ మాన్యాలుండేవి, అవి ఇనాం ఫెయిర్ రిజిస్టర్‌లో ఉంటాయి. మీ పెద్దల్లో ఎవరైనా ఆ పని చేసి ఉంటే చూడండి. తర్వాతి కాలంలో డీ-పట్టా (భూమి లేనివాళ్ళకి సర్కారు ఇచ్చే పట్టా) ఏమైనా వచ్చిందా, ఆ ఫైలులో తండ్రి పేరు, కుటుంబం వివరాలు ఉంటాయి. ఎవరైనా బడికి వెళ్ళారా, పాత బడి అడ్మిషన్ రిజిస్టర్‌లో పిల్లాడి పేరు పక్కన తండ్రి పేరు, వృత్తి ఉంటాయి. గ్రామ మునసబు రాసే జనన మరణాల రిజిస్టర్లు కొన్ని ఇంకా మిగిలి ఉన్నాయి.

ఇక మీ ఇంట్లో "ఓడెక్కి పోయాడు, తిరిగి రాలేదు" అనే మాట ఎప్పుడైనా వినపడిందా? గోదావరి, విశాఖ, గంజాం జిల్లాల నుంచి కూలికి ఓడలెక్కినవాళ్ళు వేలల్లో ఉన్నారు. మారిషస్‌కి 1830ల నుంచే వెళ్ళారు, దక్షిణాఫ్రికాలోని నాటాల్‌కి మొదటి ఓడ 'ట్రూరో' మద్రాసు నుంచి బయల్దేరి 1860 నవంబర్ 16న డర్బన్ చేరింది, ఫిజీకి మద్రాసు నుంచి 1903లో మొదలై 1916 దాకా సాగింది. ఎంత విచిత్రమో చూడండి, సొంత ఊళ్ళో ఏ రిజిస్టర్‌లోనూ లేని మనిషికి ఓడ ఎక్కేటప్పుడు మాత్రం ఒక నంబరు, పేరు, తండ్రి పేరు, వయసు, కులం, జిల్లా, ఊరు అన్నీ రాశారు. ఒంటిమీద మచ్చలు కూడా. మనిషి మీద ప్రేమతో కాదు, పారిపోతే పట్టుకోవడానికి. నాటాల్ ఓడల జాబితాలు నెట్‌లో వెతుక్కోవచ్చు, మారిషస్ కాగితాలు అక్కడ మోకా అనే ఊళ్ళోని మహాత్మాగాంధీ ఇన్‌స్టిట్యూట్‌లో ఉన్నాయి, కొందరికి ఫోటోలు కూడా ఉన్నాయి. మీ ఊరి పేరుని ఇంగ్లీషు దొర ఎలా విని ఎలా రాసుకున్నాడో ఊహించుకుని, పది రకాల స్పెల్లింగులతో వెతకండి.

పేరు దొరకకపోయినా, ఊరి లెక్క చూడాలనిపిస్తే 1951 జిల్లా సెన్సస్ హ్యాండ్‌బుక్ తీయండి. ఆ ఒక్కసారి వ్యవసాయం మీద బతికేవాళ్ళని నాలుగు తరగతులు చేశారు, సొంత భూమి దున్నేవాళ్ళు, పరాయి భూమి దున్నేవాళ్ళు, కూలీలు, దున్నకుండా కౌలు తినేవాళ్ళు. మీ ఊరి వరసలో ఆ మూడో అంకె ఎంతుందో చూడండి. అందులో మీ తాత ఒకడు, మీ నాయనమ్మ ఒకత్తె. అక్కడి నుంచి 1961, 1971 పుస్తకాలతో పోల్చాలని మాత్రం చూడకండి, ప్రతిసారీ ప్రశ్న మార్చారు. 1971 పుస్తకం చూస్తే ఊళ్ళో ఆడవాళ్ళు సగంమంది పని మానేశారా అనిపిస్తుంది. వాళ్ళేమీ మానలేదు, అడిగే తీరు మారింది.

ప్రశ్న: మాది విజయనగరం జిల్లాలో పాత జమీందారీ గ్రామం. ఆర్‌ఎస్‌ఆర్ అడిగితే మీ ఊరికి లేదంటున్నారు. అబద్ధమా?

జవాబు: అబద్ధం కాకపోవచ్చు. ఉత్తర సర్కారుల్లో 1802లో శాశ్వత శిస్తు ఏర్పాటు వచ్చాక జమీందారు సర్కారుకి ఇంతని కట్టేవాడు, రైతు పేరుతో సర్కారుకి సంబంధం లేదు. 1948 చట్టంతో ఎస్టేట్లు రద్దయ్యాకే మీ ఊళ్ళో సర్వే చేసి రైతువారీ పట్టాలిచ్చారు. కాబట్టి మీరు అడగాల్సింది ఆ సర్వే అప్పుడు రాసిన సెటిల్‌మెంట్ ఫెయిర్ అడంగల్, ఎస్ఎఫ్ఏ అంటే ఆఫీసులో వెంటనే అర్థమవుతుంది. అంతకు ముందు కాలానికి జమీందారు ఇచ్చిన పట్టా, శిస్తు రసీదులు ఇంట్లో ట్రంకు పెట్టెలో ఉన్నాయేమో చూడండి. రైతుకీ ఎస్టేటుకీ మధ్య శిస్తు దావా ఏదైనా నడిచి ఉంటే ఇంకా మంచిది, కోర్టు కాగితంలో వంశం మొత్తం ఉంటుంది. గొడవపడిన తాతలే మనకి బాగా దొరుకుతారు.

ప్రశ్న: ఆర్‌ఎస్‌ఆర్ నకలు చేతికొచ్చింది గురువుగారూ, చాలా సంతోషపడ్డాం. తీరా చూస్తే మా సర్వే నంబరు ఎదురుగా పట్టాదారు గడిలో పేరు లేదు, వరసగా చుక్కలున్నాయి. ఇదేం లెక్క? నెల్లూరు జిల్లా.

జవాబు: అవే చుక్కల భూములు. ఆ రిజిస్టర్ రాసిన రోజుల్లో పట్టాదారు ఎవరో తేలకపోతేనో, మనిషి వచ్చి చెప్పుకోకపోతేనో, సర్కారు భూమి అనుకుంటేనో పేరు రాయాల్సిన చోట చుక్కలు పెట్టి వదిలేశారు. ఆ చుక్కల వల్ల అమ్ముకోలేక ఇబ్బంది పడినవాళ్ళు ఎంతోమంది ఉంటే, ఆంధ్రప్రదేశ్‌లో 2017లో దానికోసం ప్రత్యేకంగా ఒక చట్టమే తెచ్చారు. మీ తాత ఆ పొలం దున్నలేదని దాని అర్థం కాదు. పక్క సర్వే నంబర్ల పట్టాదార్ల పేర్లు రాసుకుని, ఆ కాలంలో వాళ్ళు రాసుకున్న దస్తావేజులు సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో తీయించండి. వాళ్ళ హద్దుల్లో 'ఉత్తరం: ఫలానావారి చేను' అని మీ తాత పేరు ఉండే అవకాశం ఉంది. పాత అడంగళ్ళు (ఏటా రాసే ఊరి సాగు లెక్కలు) ఎన్ని ఫసలీలవి మిగిలాయో అవి కూడా అడగండి, అందులో సాగుదారు గడి వేరుగా ఉంటుంది. నకలు అడిగేటప్పుడు మీ సర్వే నంబరు ఒక్కటే రాయకండి, ముందు రెండు, వెనక రెండు కూడా కలిపి రాయండి.